గళ్ళ కాగితం

జంపఖానాకు కొత్త నమూనా కావాలన్నడు శేటు.
"తోరణం వెయ్యి. తోరణమైతే అమ్ముడువోతది."
తోరణం ఇప్పటికి నలభైసార్లు గీసిన.
చేతిసంచి మీద, పెండ్లి కార్డు మీద, ఒకసారి కేకు మీద సుత.
మా గల్లీ చెత్తడబ్బా మీద ఉన్నది మాత్రం
నేను గీసింది కాదు.

అయినా పోయిన.
కొత్తవాడల ఆటో ఎక్కిన, సంకల గళ్ళ కాగితం చుట్ట,
రెండు పెన్సిళ్ళు, నల్లవడ్డ రబ్బరు.
కోటల రాళ్ళ నడుమ కూసుంటే
అది నన్ను చూసింది, నేను దాన్ని చూసిన.
కొత్తగ చెప్పుకునే ముచ్చటేం లేదు ఇద్దరికి.

పక్కన ఒక పిల్ల ఫోటో దిగనీకి
చెప్పులు విడిచి గడ్డిల బోర్లేసింది.
అడుగున అలలు అలలు గీతలు.
మడమ కాడ అరిగి మాయమైనయ్,
వేళ్ళ కాడ ఇంకా కొత్తగున్నయ్.
ఎంత నడిచిందో, ఎటు ఒరిగి నడిచిందో
మొత్తం రాసి ఉన్నది.
తోరణానికి వీపు పెట్టి చెప్పు గీసుకున్న.

గుండ్రం మగ్గం మీద రాదు.
ఏదైనా మెట్లు మెట్లుగనే రావాలె.
చౌరస్తాల తీగల మీది కాకుల కోసం
ఎండాకాలమంతా తన్లాడిన,
గళ్ళల్ల వడంగనే గవి కాకులు కాకుండ పోయినయ్,
గుండీలైనయ్.
విడిచిపెట్టిన.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి రాశులు.
అందరు ఎరుపు చూస్తరు. ఎరుపుకు రేటున్నది.
మూలకు తాలు కాయ కుప్పవోసి ఉన్నది,
ఎరుపు కాలేక, తెలుపు కాక,
జ్వరమొచ్చి లేచినోళ్ళ మొకం రంగుల.
ఒకటి కొంగుల ముడేసుకుని
రంగులద్దే యాకయ్య ముందర పెట్టిన.
తుమ్మిండు. మల్ల తుమ్మిండు.
"గీ రంగు కావాల్నా? పైసలిచ్చి ఎవడు కొంటడమ్మా తాలు?"
అన్నడు గని, మూడో నాటికి గదే రంగు తీసిండు.

నూలు బాకీ అడుగనీకి కాజీపేట పోయిన దినం
బాకీ రాలె.
వంతెన మీద బస్సు ఆగింది, కింద బొగ్గు బండి.
నల్ల డబ్బా, సందు, నల్ల డబ్బా, సందు.
సందు సందుల అవతలి గోడ మీద
ఎవరిదో ఎండేసిన నీలి చీర
ముక్క ముక్క కనవడుకుంట పోయింది.
యాభై ఎనిమిది లెక్కవెట్టిన.
ఆఖరుకు గార్డు, చేతుల పచ్చజెండ.
కండక్టరు టికెటు అడుగుతుంటే
టికెటు వెనుకనే గీస్తున్న.

మార్కండయ్య తాత పంజ ఆపి
కాగితం కండ్ల దగ్గరికి తెచ్చుకున్నడు.
"ఇదేంది బిడ్డ, అంచుకు ఒక్కటే పచ్చపోగు?
తప్పు వడ్డదా?"
"తప్పు కాదు తాత. గార్డు."
కాసేపు ఏమనలె.
"మిల్లు నడిచేటప్పుడు గేటు కాడ నేను సుత లెక్కవెడుతుంటి.
ఎన్నడు సరిగ కుదరకపోవు.
నడుమల ఎవడో బీడీ అడుగుతుండె."
పంజ కొట్టిండు. టక్. టక్. సందు. టక్.

"తోరణం ఏది?" అన్నడు శేటు.
మడత విప్పి చూపిచ్చిన.
అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
ధర సగం చేసి నాలుగు తీసుకున్నడు.

మొన్న కరీమాబాదుల మా మేనత్త దశదినం నాడు
బంతిల పరిచినయ్ గవే.
నా నల్ల డబ్బాల మీద చుట్టాలు
వరుసగ కూసున్నరు, సందులు లేకుండ.
ఎవరు కిందికి చూడలె. చూడాల్సిన పని లేదు.
పప్పుచారు వడ్డించే పిలగాని చెయ్యి వణికి
నా మోకాలు పక్కన ఒలికింది.
తాలు రంగు మీద పసుపు,
పోగు పోగు పట్టుకుని పాకుతున్నది,
పడుగు ఎంబడి జోరుగ, పేక ఎంబడి నిమ్మలంగ.
"అయ్యో, తుడువుండ్రి" అన్నరెవరో.
"జర ఆగుండ్రి" అన్న.
చేతుల కాగితం లేదు.
విస్తరాకు అంచు మీద గోరుతోని గీస్తున్న.